గుమాస్తా బావమరిదిని ఎవరు వెతుకుతారు?

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య దీవెనలు. ఫోన్లో అయితే మధ్యలో అడ్డొస్తావని ఉత్తరం రాస్తున్నాను. నువ్వు పనిచేసే, ఫోటోలు అమ్మే ఆ సైటులో నలభై ఫోటోలు పెట్టి మూడు వారాలైంది. ఒక్కటీ పోలేదు. లోపం మీ సైటులోనే ఉంది, మీవాళ్ళకు చెప్పు. ఈ నెలాఖరులోగా ఒక్క ఫోటో అయినా అమ్ముడుపోకపోతే స్టూడియో గది ఖాళీ చేసి తన కుట్టు క్లాసుకు ఇచ్చేయాలని మీ అత్తయ్య గడువు పెట్టింది. సరేనన్నాను. ఓడిపోయే ప్రసక్తే లేదు కదా.

ఆశీస్సులతో,
మామయ్య

తా.క. గడువు పెట్టిన వెంటనే అత్తయ్య టేపు తెచ్చి గది కిటికీ కొలిచింది. కర్టెన్లకట.

---

మామయ్యగారికి,

నమస్కారాలు. మీ ఫోటోలు చూశాను. బెంచీ మీద నిద్రపోతున్న మనిషి ఫోటో అయితే చూపు తిప్పుకోలేకపోయాను. కానీ దాని కింద కీవర్డ్స్ గడిలో మీరు రాసింది ఇది: "కరెంటాఫీసు గుమాస్తా బావమరిది, సోమవారం, రెండు కాపీలు." స్టూడియోలో కవర్ల మీద అలా రాసే అలవాటు మీది. ఇక్కడ కొనేవాళ్ళు కవరు పట్టుకెళ్ళడానికి రారు మామయ్యా. పత్రికలవాళ్ళు, ప్రకటనలవాళ్ళు ఏదో ఒక మాట కొట్టి వెతుకుతారు. ఆ మాట మీ ఫోటోకి ఉంటేనే అది వాళ్ళకు కనబడుతుంది. గుమాస్తా బావమరిదిని ఎవరు వెతుకుతారు చెప్పండి? అది తీసేసి, ఫోటోలో కనిపించేది రాయండి.

మీ మేనకోడలు

తా.క. "రెండు కాపీలు" అని వెతికితే మా సైటు మొత్తంలో మీ ఫోటోలే వస్తున్నాయి. ఆ రంగంలో మీకు పోటీ లేదు.

---

చిరంజీవి మేనకోడలికి,

దీవెనలు. ఎవరు వెతుకుతారేమిటి, గుమాస్తా వెతుకుతాడు. అయినా నీ మాట కాదనలేక తీసేశాను. భూతద్దం పెట్టి చూసి, కనిపించినవన్నీ రాశాను. మనిషి, బెంచీ, బెంచీకి నాలుగు మేకులు, ఎడమ చెప్పు, కుడి చెప్పు, గోడ, గోడకు చెమ్మ, ఈగ. మొత్తం నూట పన్నెండు మాటలు. కొనేవాళ్ళ మనసు కూడా తెలియాలి కదా అని వీధిలో పడి, మీ సైటు గురించి అందరికీ చెప్పి, ఎవరికి ఏ ఫోటో కావాలో అడిగొచ్చాను. మంగలి సముద్రం అన్నాడు, మందుల షాపతను పులి అన్నాడు. నలభై ఫోటోలకూ అవి కూడా చేర్చాను. ఇక చూస్కో.

మామయ్య

తా.క. ఈగను మొదట మచ్చ అనుకున్నాను. ఇంకా పెద్ద అద్దం పెడితే కాళ్ళు కనబడ్డాయి.

---

మామయ్యగారికి,

నమస్కారాలు. పిల్లల పుస్తకాలు వేసేవాళ్ళు పులి కోసం వెతికితే మీ బెంచీ మనిషి వచ్చాడట. పులి ఏదీ, తినేసి వెళ్ళిపోయిందా అని మాకు ఫిర్యాదు రాశారు. ఇలాంటిది ఇంకొక్కటి వస్తే మీ ఖాతా మూసేస్తామని మా అధికారి అన్నాడు. ఆ కాగితం టైపు చేయాల్సింది నేనే. మేకులు, ఈగ, పులి, సముద్రం అన్నీ తీసేయండి. కొనేవాడికి ఏం అవసరమో ఆలోచించండి. అలసట, ప్రయాణం, ఎదురుచూపు, అలాంటివి. ఫోటోలో జరుగుతున్నది ఇంట్లో మామూలుగా ఎలా చెప్పుకుంటామో అలా ఓ పది మాటలు చాలు. తోచకపోతే పక్కనున్నవాళ్ళను అడగండి.

మీ మేనకోడలు

తా.క. గడువు నాలుగు రోజులే ఉంది. అత్తయ్య నాకు రెండు రకాల కర్టెన్ గుడ్డల ఫోటో పంపి, ఏది బాగుందని అడిగింది. నేనింకా జవాబివ్వలేదు.

---

మామయ్యగారికి,

నమస్కారాలు. గది మీదే. నిన్న మీ ఫోటో ఒకటి అమ్ముడుపోయింది. కొత్తగా పెట్టారే, అది. కెమెరా తుడుచుకుంటున్న మనిషి వీపు, ఇవతల స్టూలు మీద మీగడ కట్టిన టీ. ఆ మాటలు ఎంత బాగా రాశారు. పిలిచినా పలకడు, వినబడలేదా, చల్లారిన టీ, గుమ్మంలో నిలబడటం, భార్యాభర్తలు. చెవుల ఆసుపత్రివాళ్ళు "వినబడలేదా" అని కొట్టగానే దొరికిందట. గోడ ప్రకటనకు తీసుకున్నారు. మా అధికారి ఆ మాటలను కొత్తవాళ్ళకు పాఠంగా చూపిస్తున్నాడు.

మీ మేనకోడలు

తా.క. ఆ వీపు ఎవరిది? అంత పట్టించుకోని వీపు ఎక్కడ దొరికింది మీకు?

---

చిరంజీవి మేనకోడలికి,

దీవెనలు. ఆ ఫోటో నేను తీయలేదు. ఆ వీపు నాది.

పక్కనున్నవాళ్ళను అడగమన్నావు కదా. అత్తయ్యకు నా ఫోటోలన్నీ చూపించి, మాటలేవో నువ్వే ఎక్కించమని ఖాతా అప్పగించి, నేను కెమెరా తుడుచుకుంటూ కూర్చున్నాను. ఆవిడ టీ తెచ్చి పిలిచిందట. తర్వాత ఫోనుతో నా వీపును ఫోటో తీసి, మాటలు రాసి, నలభై ఒకటోదిగా పెట్టేసింది. నీ ఉత్తరం చదివి, ఎన్నిసార్లు పిలిచావని అడిగాను.

"ఆరోజా, పెళ్ళయినప్పటి నుంచా?" అంది.

నలభై ఏళ్ళు మనుషుల ముఖాలు చూసి బతికినవాణ్ణి, నాకు సిగ్గేసింది.

ఫోటో తనది కాబట్టి గది తనదంది. ఖాతా నాది కాబట్టి గది నాదన్నాను. చివరికి నా పాత స్టూడియో తెర గది మధ్యలో కట్టాం. అటు కుట్టు మిషన్లు, ఇటు కెమెరాలు. ఇప్పుడు పిలిస్తే వినబడుతోంది. లేచి వెళుతున్నాను కూడా. ఇకమీదట ఫోటోలు నావి, మాటలు ఆవిడవి.

మామయ్య

తా.క. కరెంటాఫీసు గుమాస్తా ఇప్పుడే వచ్చి వెళ్ళాడు. మీ సైటులో "కరెంటాఫీసు గుమాస్తా బావమరిది" అని కొట్టి మూడు రోజులుగా వెతుకుతున్నాడట, ఎంతకీ దొరకలేదట. అతనికి రెండు కాపీలు కావాలి.