వేప పూత

పెనుకొండ, ఏప్రిల్ 1961, గురువారం రాత్రి

క్షయ కాదు. నెలనాళ్లుగా ఇంట్లో ఎవరూ పైకి అనని ఆ మాటను హిందూపురం డాక్టరు ఇవాళ కొట్టిపారేశాడు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయట. ఈ తుమ్ములు, కళ్ల దురద, ఆయాసం ఏటా ఉగాది ముందే మొదలవుతాయని చెప్పాను. ఆయన, "రాత్రిపూట యాడ పండుకుంటావమ్మా?" అన్నాడు.

వేపగాలి ఏ రోగాన్నైనా పోగొడుతుందని అత్త నా మంచం పెరట్లో వేపచెట్టు కిందే వేయించింది. పొద్దున లేస్తే దుప్పటి నిండా పూతే. ఆ పుప్పొడే నాకు పడదట. పూత రాలిపోయేదాకా లోపల పడుకోమని, పెరటి కిటికీ మూసి ఉంచమని చెప్పి మాత్రలిచ్చాడు.

సంగతి విని అత్త తనే మంచం లోపలికి లాగింది. "నేనే నిన్ను ఆడ పండబెడితి గదమ్మా. చెట్టు కొట్టిచ్చేదా?" అంది. వద్దన్నాను. వచ్చే ఏడు మళ్లీ పూస్తుంది. అప్పుడు ఎట్లా ఉంటుందో...

ఇందాక నీళ్లకని వంటింట్లోకి వెళ్లాను. ఇన్నాళ్లూ గూట్లో విడిగా పెట్టిన నా గ్లాసు అక్కడ లేదు. అత్త దాన్ని అందరి గ్లాసులతో కలిపి బోర్లించింది. ఏది నాదో తెలియలేదు. చేతికందినదానితో తాగాను.