గరబు చెట్టు

1919 ఏప్రిల్ 6, ఆదివారం. కువాలా సెలంగోర్, మలాయా

ఆయన వచ్చాడు. మూడేళ్ళు బస్రా దగ్గరి నదిలో సర్కారు లాంచీల మీద పనిచేసి, ప్రాణాలతో వచ్చాడు. దేవుడికి స్తోత్రం. అదే యుద్ధానికి వెళ్ళిన మిగతావాళ్ళు శాలువాలు తెచ్చారు, గడియారాలు తెచ్చారు. మా ఆయన తడి గోనెలో చుట్టి కట్టెపుల్ల తెచ్చాడు. ఆంథోనీ ఏం తెచ్చాడని రబ్బరు ఎస్టేట్ కూలీ లైన్లలో అందరూ అడుగుతున్నారు. ఏం చెప్పను?

నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆయన లేనప్పుడు ఒక పిల్లను తెచ్చుకున్నాను. మొన్నటి ఫ్లూలో కూరగాయల తోట చీనామె పోతే, ఆమె మొగుడు పసిదాన్ని నా చేతిలో పెట్టి ఈపో వైపు వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. కాథరిన్ అని నేనే పేరు పెట్టాను. పెళ్ళయి ఎనిమిదేళ్ళు. నా ఒళ్ళో పడిన మొదటి బిడ్డ ఇదే.

ఈ సీనా గుంట ఎవల్ది అన్నాడు. మనదే అన్నాను. గోనె విప్పుకుంటూ కూర్చున్నాడు.

ఏప్రిల్ 7

కట్టెను లాంచీ రేవు పక్కన ఏటిగట్టు మీద నాటాడు. పిల్లను ముట్టుకోలేదు.

మే 18

కట్టె చిగురించింది. ఉప్పునీళ్ళ ఏటి ఒడ్డున, మండే ఎండలో బతికే చెట్టట. మా గట్టు ఉప్పంటే దానికి పండగే. దానికి వానే పడదట. ఇక్కడ వాన పడని రోజేది? అందుకని నాలుగు కర్రలు పాతి, ఇళ్ళ మీద కప్పే అటాప్ ఆకులతో చెట్టుకు కప్పు వేశాడు. మా ఇంటి కప్పు మంచం మీదికి కారుతోంది. అది మాత్రం ఆయన కంటికి ఆనదు.

పక్కింటి కూర్మమ్మ, ఇదేటి సెట్టు బాబూ అని అడిగిందట. అరబ్బులు గరబ్ అంటారు అన్నాడట. ఆమెకు గర్భం అని వినిపించింది. పొద్దు గూకేలోపు ఎస్టేట్ అంతా పాకింది: పిల్లల్లేని పెళ్ళాం కోసం ఆంథోనీ గర్భం చెట్టు తెచ్చాడు!

జూన్ 9

చెట్టుకు పసుపు. చెట్టుకు ముడుపులు. పక్క ఎస్టేట్ నుంచి కూడా ఆడవాళ్ళు వస్తున్నారు. గర్భం కాదమ్మా, గరబ్, గరబ్ అని ఆయన గొంతు పోయేలా అరుస్తున్నాడు. అవును బాబూ, గర్భమే అని వాళ్ళు దండం పెడుతున్నారు. బస్రా గురించి నాతో ఒక్క ముక్క మాట్లాడని మనిషికి మంచి శాస్తి.

కూర్మమ్మ నా కడుపు నిమిరి, కొడుకే పుడతాడు, సూసుకో లా అంది. మలాయ్ వాళ్ళ ఆ ‘లా’ ఇక్కడ అందరి నోటా వచ్చేస్తుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నవ్వేశాను. కానీ మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వెళ్ళి నేనూ ఒక ఆకు నమిలాను. చేదు. ఆశ ఎవరికుండదు?

జూన్ 30

మనకే పుడితే ఇంక ఈ గుంట ఎందుకు, క్లాంగ్‌లో సిస్టర్ల మఠం దగ్గర ఒగ్గేద్దాం అన్నాడు. ముందు నీ కట్టెపుల్లను ఒగ్గేయ్ అన్నాను. 

1921 నవంబర్ 2

నా కడుపు పండలేదు. చెట్టు మాత్రం ఆయన తల దాటింది. కప్పు మూడుసార్లు పైకి లేపాడు. మొన్న పెద్ద పోటుకు సముద్రపు నీళ్ళు గట్టు దాటి వచ్చాయి. అరటి, మునగ, నా వంకాయ మడి, అన్నీ మాడిపోయాయి. ఇది చెక్కుచెదరలేదు.

అయినా ఆయనకు సంతోషం లేదు. బస్రాలో ఆ చెట్టు ఆకు గుండ్రంగా రావాకులా ఉండేదట. దీనివేమో వెదురాకుల్లా సన్నం. ఈ కొమ్మిచ్చిన పడవ అరబ్బోడు మోసం సేసినాడు, ఇది ఆ జాతి కాదు, కొట్టేస్తాను అన్నాడు. కత్తి పట్టుకుని వెళ్ళి, చెట్టు కింద కాసేపు కూర్చుని వచ్చాడు. కాథరిన్ వెనకాలే వెళ్ళింది. రోజూ వెళ్తుంది. ఆయన రమ్మనడు, పొమ్మనడు. ఇదీ ఆయన్ని ఏమనీ పిలవదు.

1922 మార్చి 5, ఆదివారం

కాథరిన్‌ను ఉంచుకోవడానికి సిస్టర్లు ఒప్పుకున్నారు. రేపటి లాంచీలో తీసుకెళ్తాడట. అక్కడ సదువొస్తాది, ఇంగ్లీషొస్తాది, మన కాడ ఏటుంది, రబ్బరు గీసే కత్తి తప్ప అన్నాడు. అందులో అబద్ధం లేదు. అదే నా కోపం. చేపల కూర వండి, ముళ్ళు తీసి తినిపించాను. ఎక్కడికెళ్తున్నాం అని అడుగుతోంది. నా ప్రాణం పోతోంది.

మార్చి 6, ఉదయం

రేవు దగ్గరంతా బురద. అందుకని దాన్ని ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. ఇదే మొదటిసారి. అది చెయ్యి చాచి చిటారు కొమ్మ నుంచి ఒక ఆకు తెంపింది. గుండ్రటి ఆకు. అచ్చం రావాకే. కింద కొమ్మలకు సన్నవి, పైన గుండ్రటివి, అన్నీ ఒకే చెట్టుకు! ఆయన నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. లాంచీ కూత వేసింది. ఎక్కారు.

మార్చి 7, సాయంత్రం

ఇద్దరూ వచ్చేశారు!

 జరిగింది లాంచీ కళాసీ అప్పడు చెప్పాడు. వాడూ వాళ్ళతో మఠం దాకా వెళ్ళాడట. గేటు దగ్గర సిస్టర్, ఈ పాప నీకేమవుతుంది అని అడిగిందట. నా కూతురు అన్నాడట. ఆమె ఈ మొహం చూసి, ఆ మొహం చూసి నవ్విందట. ఒక సెట్టుకే రెండు రకాల ఆకులున్నాయమ్మా, మా ఇంట్లో రెండు రకాల మొకాలుంటే ఏటైపోద్ది అన్నాడట. పిల్లను భుజం మీంచి దించకుండానే వెనక్కి తిరిగాడట.

నేనడిగితే, సిస్టర్ల కాడ ఖాళీ లేదు అన్నాడు. అబద్ధాలకోరు. ఇద్దర్నీ పట్టుకుని ఏడ్చాను.

మార్చి 19

కాథరిన్ పెరట్లో తాల్, తాల్ అని కోడిని పిలుస్తోంది. తెలుగు కాదు, తమిళం కాదు, మలాయ్ కాదు. అరబ్బుల దగ్గర నేర్చినదేమో, ఈమధ్య ఆయన దీన్ని అలాగే పిలుస్తున్నాడు. అదేం భాషే అన్నాను.

అయ్య బాస లా అంది.

కోడి వచ్చింది.