గోడ ఊగిన సెకను

వినాయక్ బావకు శనార్తి.

గనిల బ్లాస్టింగ్ చేస్తే మా గోడ ఊగుతది. గోడకు పెట్టిన సెన్సార్‌తోని ఊగిన టైము మా కంప్యూటర్ల ఎక్కుతది. గని ఆఫీసోళ్ళేమో మా గడియారమే తప్పు, గోడ వేరేదానికి ఊగిందంటున్నరు. అందుకే ఉపగ్రహం టైము పట్టే జీపీఎస్ డబ్బా కొందామని చూస్తున్న.

అగ్గువ ధర దాంట్ల టైము కంప్యూటర్‌కు చేరేటాలకు కొంచెం ఆలస్యమైతదట, అదీ ఒక్కోసారి ఒక్కో తీరు. ఇంకోదానికి వేరే తీగ ఉంది. సెకను మొదలైనప్పుడల్లా అందుల టక్కున ఒక దెబ్బ కొడ్తదట. కానీ ఆ దెబ్బ ఏ సెకనుదో కంప్యూటర్‌కు ఎట్ల తెలుస్తది? నువ్వు పనిచేసే ఊర్జానగర్ల, అదురు కొలిచే మీ మీటర్లకు ఏది పెట్టిండ్రు?

యాంటెన్నాకు ఆకాశం కనవడాలెనట. వైరు బయటికి తీసేతందుకు గోడకు రంధ్రం కొట్టే పనిలేదు బావా. మొన్న పడ్డ పగుల్ల నా చెయ్యే దూరుతది.

నీ మరదలు