నల్లంచు కార్డు చింపిన యాదయ్యను గూర్చి

గుండ్రాతిపల్లి,
తిరుమలగిరి దగ్గర, నల్గొండ జిల్లా.
9 ఏప్రిల్ 1962.

నల్గొండ డివిజన్ తపాలా సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఊరిలో టపా పంచు యాదయ్యపై నేనే ఇచ్చిన ఫిర్యాదును నేనే వాపసు తీసుకొనుట, అతనిని తిరిగి పనిలో పెట్టవలెనని కోరుట గురించి.

గుండ్రాతిపల్లి బాలికల పాఠశాల ఉపాధ్యాయురాలు, ఉస్మానియా పట్టభద్రురాలు, నలభై మూడేండ్ల శ్యామలమ్మ సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను తొమ్మిది దేశములలోని పదకొండు మందితో బొమ్మ కార్డులు ఇచ్చిపుచ్చుకొనుచున్నాను. వారు తమ ఊళ్ల ఫోటో కార్డులు పంపుదురు. మా ఊరికి ఫోటో కార్డు ఎవరూ అచ్చు వేయలేదు గనుక, నేను అట్టముక్కల మీద మా బడి పిల్లలతో బొమ్మలు వేయించి పంపుదును. ఫిన్లాండులోని ఒక రైల్వే గుమాస్తా మా గుట్టల బొమ్మ చూసి, "ఈ బండలను ఒకదాని మీద ఒకటి ఎవరు పేర్చినారు?" అని అడిగినాడు. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న గుట్టలు. ఆ సాయంత్రం వెళ్లి మళ్లీ చూసివచ్చాను. ఈ సంగతికి ఈ అర్జీలో పని లేదు, కాని రాయకుండా ఉండలేకపోయాను.

2. తమరు ఈ ప్రాంతము వారు అవునో కాదో తెలియదు గనుక మా ఊరి ఆనవాయితీ విన్నవించుచున్నాను. పెండ్లి కార్డుకు నాలుగు మూలలా పసుపు ఉండును. చావు కార్డుకు మూలన నల్ల సిరా ఉండును. చావు కార్డు గడప దాటరాదు. వాకిటి బయటనే చదివి, అక్కడనే చింపి పారవేయవలెను. చదువు రాని ఇండ్లలో చదువుటయు, చింపుటయు యాదయ్యే పద్నాలుగేండ్లుగా చేయుచున్నాడు.

3. మార్చి 12వ తేదీన నాకు నార్వే దేశపు ఉత్తర కొసన ఉన్న ట్రోమ్సో అనే ఊరి నుండి కార్డు వచ్చినది. పంపినది హెల్గా, నావలెనే పంతులమ్మ. ఆ ఫోటోకు చుట్టూ నల్లని అంచు అచ్చువేసి ఉన్నది, అందం కోసం. యాదయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకొని, వాకిటి బయటనే నిలబడి పిలిచినాడు.

"పంతులమ్మా, తిన్నవా?"

"తిన్న. ఏంది యాదయ్యా?"

"అయితే గుండె దిటవు చేసుకో. మూలకు గాదు, సుట్టూత నలుపున్నది. ఒక్కలు గాదు, ఇంటిల్లిపాది పోయినట్టున్నరు."

నేను మెట్లు దిగేలోపల కార్డు నాలుగు ముక్కలైనది.

4. పక్కింటి ఉప్పలమ్మ రెండు బిందెల నీళ్లు తోడి, స్నానం చేయమని నా ముందు పెట్టినది. "ఎవరూ పోలేదు ఉప్పలమ్మా, అది ఉత్త బొమ్మ" అన్నాను. "గట్లనే అనిపిస్తది బిడ్డా. నా మొగడు పోయిన్నాడు నేను గూడ పోలేదు పోలేదనే అన్న" అని నా తల నిమిరినది. మూడు దినములు ఇరుగుపొరుగు వారు నన్ను పొయ్యి వెలిగించనీయలేదు. వంతులవారీగా జొన్నరొట్టె, చింతపులుసు తెచ్చిపెట్టినారు. ఎవరూ చావకుండా ఆ తిండి తినుట న్యాయమా అని ఆలోచిస్తూనే తిన్నాను. ఇప్పటికీ తేల్చుకోలేదు. పులుసు బాగుండెను.

5. మూడు ముక్కలు దొరికినవి. నాలుగవది ఎదురింటి జానయ్య మేక తిన్నది. దొరికినవి తుమ్మజిగురుతో అతికించి చదివితిని: "రెండు నెలల తర్వాత ఇవాళ మాకు సూర్యుడు కనిపించాడు. బడికి సెలవిచ్చి, పిల్లలందరితో కొండెక్కి చూశాం. అందులో కొంచెం నీకు" అనేంత వరకు ఉన్నది. తక్కినది మేకకు తెలియును.

ఆ కోపములో అదే పూట తమకు ఫిర్యాదు రాసితిని. చదువుకున్నది ఉర్దూలో, బతుకుతున్నది తెలుగులో. కోపాన్ని మాత్రం ఇంగ్లీషులో రాశాను. ఆ భాషలో రాస్తుంటే నాకు యాదయ్య ముఖం కనబడలేదు.

6. ఫిర్యాదుపై తమ కార్యాలయము రూలు ప్రకారమే నడుచుకొన్నది. యాదయ్యను పుటాఫ్ చేసినారు, అనగా విచారణ తేలేదాక పనికి రావద్దన్నారు. బదులుగా వచ్చినతడు మంచివాడు, వేళ తప్పడు. తలుపు సందులోంచి కార్డు లోపలికి జారవేసి వెళ్లిపోవును. ఊరిలోని ముసలివారు ఆ కార్డులు పట్టుకొని నా దగ్గరికి వచ్చుచున్నారు.

7. గత సోమవారము బిక్షమ్మ అనే వృద్ధురాలు అట్లే వచ్చినది. "ఏం రాసిండ్రు బిడ్డా, జర చూడు" అన్నది. కొత్తకోటలో ఆమె తమ్ముడు పోయినాడు. నేను ఆమెను లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మెల్లగా చదివితిని. సరిగ్గా చేశాననే అనుకున్నాను.

చాలాసేపు ఏడ్చి ఆమె అన్నది: "పొద్దటి సంది ఏం తినలేదు బిడ్డా. ఇగ తినబుద్ధి గాదు. యాదయ్య అయితే 'తిన్నవా అవ్వా' అని ముందు అడిగేటోడు. తినలేదంటే నీకేం రాలేదని పోయి, తిన్నంక మల్లొచ్చి చదివేటోడు."

మరునాడు కూడా ఆమె తినలేదు. నా గడపను ఉప్పలమ్మ వచ్చి కడిగిపోయినది.

వచ్చిన కార్డును రాలేదని చెప్పి గంటసేపు జేబులో ఉంచుకొనుట తమ శాఖలో నేరమని నాకు తెలియును. ఈ మాట రాస్తే యాదయ్యపై రెండవ ఫిర్యాదు కూడా నేనే ఇచ్చినట్లగును. రాయకుంటే అతడు ఎటువంటివాడో తమకు తెలియదు. రెండు రోజులు కలం పట్టుకొని కూర్చున్నాను. చివరకు రాశాను. తప్పు చేశానేమో, తమరే చెప్పాలి.

8. ఏప్రిల్ 20న విచారణకు ఇన్స్పెక్టరు గారు వచ్చుచున్నట్లు తెలిసినది. వారు అడుగకముందే నేను చెప్పునది: కార్డు నాది, నష్టము నాది, ఆ నష్టము నాకు సమ్మతమే. నల్లంచు కార్డులు పంపవద్దని పదకొండు మందికీ ఉత్తరాలు రాసితిని.

కావున తమరు పై సంగతులు చిత్తగించవలెను. నవ్వు వచ్చిన చోట నవ్వుకొని అయినా సరే, యాదయ్యకు అతని సంచి తిరిగి ఇప్పించవలెను.

తమ విధేయురాలు,
శ్యామలమ్మ

తా.క. దీనిని డబ్బాలో వేయకముందు యాదయ్యను పిలిపించి చదివి వినిపించాను. అంతా విని, "గా అమ్మ ఊర్ల రెండు నెల్లు పొద్దే పొడవదా?" అని అడిగాడు. పొడవదన్నాను. "మరి గదేం శుభం పంతులమ్మా? చింపుడే మంచిగైంది. మల్ల గసొంటిదొస్తే మల్ల చింపుత. గీ ముచ్చట గూడ రాయి, సారుకు అబద్ధం చెప్పొద్దు" అన్నాడు. రాశాను. అయినా మాకు అతడే కావాలి.