షెన్‌కు చెప్పని కబురు

మార్చి 12, 2020. ఆఫీసు. మధ్యాహ్నం 3

షెన్ వాళ్ల అమ్మ నిన్న పొద్దున పోయింది. అతనికి తెలియదు. నాకు తెలుసు.

వాళ్ల చెల్లెలు షెన్ మెయ్ వీచాట్‌లో మెసేజ్ పెట్టింది. హూబేలో ఏదో చిన్న టౌన్. ఊపిరి అందలేదట. అన్నకు చెప్పొద్దు అంది. విమానాలు లేవు, దేశం కాని దేశంలో ఒక్కడే ఉన్నాడు, తెలిసి ఏం చేస్తాడు, ఇంటికొచ్చాక నేనే చెప్తాను అంది. బంధువులందరి దగ్గరా మాట తీసుకుందట. అమ్మకు గొంతు పోయింది, మాట్లాడలేకపోతోంది అని చెప్తున్నానంది. నువ్వూ అదే చెప్పాలంది. వేళకు తింటున్నాడో లేదో కాస్త చూడమంది.

సరే అని టైప్ చేశాను. తర్వాత బాక్స్ తెరిచి వంకాయ కూరతో అన్నం తిన్నాను. ఏడుపు రాలేదు. రావడానికి ఆమె నాకెవరు?

షెన్ జనవరిలో వచ్చాడు. ఊరి బయట సచిన్ అనే పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీకి మా సేఠ్ తెప్పించిన ఇరవై నాలుగు వాటర్‌జెట్ మగ్గాలు బిగించాలి. నేను ఇంటర్‌ప్రెటర్‌ని. చైనాలో బట్టల మార్కెట్ ఉన్న ఊళ్లో రెండేళ్లు ఉద్యోగం చేసి ఆ భాష నేర్చుకున్నాను. విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇవ్వాలి, గడియారం గిఫ్టుగా ఇవ్వకూడదు, అన్నంలో తినే పుల్లలు నిలువుగా గుచ్చకూడదు. ఇవన్నీ వచ్చు. బతికున్నవాళ్ల మర్యాదలు. చావు సంగతి అక్కడ ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మార్చి 27. నవాగామ్, మా ఇల్లు

లాక్‌డౌన్ మూడో రోజు. షెన్ ఉన్న గెస్ట్‌హౌస్ వాడు అతని సూట్‌కేసు తెచ్చి గేటు బయట పెట్టాడు. చైనావాడు ఉంటే మిగతావాళ్లు ఉండరట. నాలుగు రోజులు మీ ఇంట్లో పెట్టుకో బేన్ అని నన్ను చెల్లెల్ని చేసి సేఠ్ గుజరాతీలో ఫోన్. ఈ నాలుగు రోజులు ఎన్నాళ్లో ఆ దేవుడికే తెలియాలి.

పైన అన్నయ్య గది ఖాళీగానే ఉంది. రవీంద్ర అన్నయ్య, ఊర్మిళ వదిన భివండీ పోయి మూడేళ్లు. అక్కడే మగ్గాల పని. తాళం తీసి, ఊడ్చి, షెన్‌ని అందులో పెట్టాను. గల్లీలో వాళ్లు అడిగితే అమ్మ తడుముకోకుండా నేపాలీ పిలగాడు అని చెప్పింది. నలభై ఆరేళ్లవాడు పిలగాడట. అందరూ నమ్మారు.

నాన్న ఒక్కడే సంబరపడ్డాడు. పక్కనే లింబాయత్‌లో ముప్పై ఎనిమిదేళ్లు పవర్‌లూమ్ నడిపిన మనిషి, మగ్గం మనిషి ఇంటికొచ్చాడని. ఒకరి భాష ఒకరికి రాదు. సాయంత్రం దాకా ఇద్దరూ చేతులు తిప్పుకుంటూ ఏదో మాట్లాడుకున్నారు.

మార్చి 29

అమ్మకు చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది.

ఓయమ్మో, గింత ముచ్చట కడుపుల పెట్టుకుని బువ్వ ఎట్ల తింటున్నవే అని నెత్తి కొట్టుకుంది. తల్లి సస్తే కొడుకు తానం చెయ్యొద్దా, గుండు చేయించుకోవద్దా, గా తల్లి జీవి ఎక్కడ తిరుగుతుందో ఏమో అంది. వాళ్ల పద్ధతి వేరమ్మా అన్నాను. ఏం పద్ధతే, సావుకు గూడ పద్ధతులా అని కసిరింది. తర్వాత ఇంత పప్పు, అన్నం పళ్లెంలో పెట్టి, నెయ్యి ఎక్కువ వేసి పైకి పంపింది.

ఏప్రిల్ 4

ఇవాళ వాళ్లకు చింగ్‌మింగ్. పోయినవాళ్ల సమాధులు ఊడ్చి, కాగితాలు కాల్చే రోజు. షెన్ నన్ను కాగితం అడిగాడు. పాత ఆఫీసు బిల్ బుక్కులు ఇచ్చాను. డాబా మీద సుద్దముక్కతో రెండు గుండ్రాలు గీశాడు, ఒక పక్క తెరిచి ఉంచి. ఒక్కోదాంట్లో కొంత కొంత కాల్చాడు. ఎవరికి అని అడిగాను. నాన్నకు అన్నాడు. రెండోది అడగలేదు. తాతకు అనుకున్నాను.

పొగ చూసి కింద నుంచి ఎవరో అరిచారు. దోమలకు అని అమ్మ జవాబు.

ఏప్రిల్ 11

బయట కూలీలు ఊళ్లకు పంపమని రోడ్డెక్కారు. నేను రెండు రోజుల నుంచి స్నానం చేయలేదు. చేయాలనిపించలేదు.

ఏప్రిల్ 19. పొద్దున 10

సెలూన్లు మూసి నెల కావస్తోంది. నాన్న కత్తెర పట్టాడు. డాబా మీద స్టూలేసి గల్లీ మగవాళ్లందరికీ వంతుల వారీగా కటింగ్. కనకయ్య మామకు ఒక చెవి మీద మెట్లు పడ్డాయి. ఆయన అద్దంలో చూసుకుని ఏంది సోమలింగం, గిట్ల చేస్తివి అని లబలబలాడాడు.

ఇదంతా షెన్ కోసం. నాకు ఇవాళ తెలిసింది. అమ్మానాన్న కలిసి ప్లాన్ వేశారు. మనం నోరు తెరిచి చెప్పం, మాట తప్పినట్టు కాదు. కటింగ్ అని కూసోబెట్టి మెల్లగ గుండు కొట్టేస్తే తెల్వకపాయినా తల్లి పేరు మీద ఎంట్రుకలు ఇచ్చినట్టయితది. ఇదీ వాళ్ల లెక్క. అమ్మ వేడి నీళ్లు కూడా కాచి పెట్టింది, వెంటనే తలస్నానం చేయించడానికి.

నాన్న స్టూలు తుడిచి రమ్మని సైగ చేశాడు. షెన్ నవ్వి తల అడ్డంగా ఊపాడు. నాన్న భుజం పట్టుకుని కూర్చోబెట్టబోయాడు. షెన్ రెండు చేతులతో తల పట్టుకుని లేచి గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. అట్లా ఎప్పుడూ చేయలేదు. పాపం తల్లి, రాసిపెట్టి లేదు అని అమ్మ ఆ నీళ్లు బకెట్లో పోసి బట్టలు నానబెట్టింది.

ఏప్రిల్ 28

షెన్ మెయ్ మెసేజ్. ఇవాల్టికి నలభై తొమ్మిదో రోజు. ప్రతి ఏడో రోజు చేయాల్సిన పూజలు ఏడు వారాలూ ఒక్కతే చేసిందట. అన్న అనుమానపడుతున్నాడా అని అడిగింది. లేదు అన్నాను.

ఇక నావల్ల కాదు. చెప్పేద్దామని పైకి వెళ్లాను. మీ అమ్మ, అని మొదలుపెట్టాను. గొంతు పోయింది కదా, తెలుసు అన్నాడు. రోజూ వేడి నీళ్లు తాగించమని చెల్లెలికి చెప్పాను అన్నాడు. నాకూ ఒక గ్లాసు పోసి ఇచ్చాడు. తాగి కిందికొచ్చాను. నా అంత పిరికిది ఇంకోటి ఉండదు.

మే 10

వాళ్ల అమ్మ పుట్టినరోజు. అరవై ఎనిమిది నిండాయి. నిండేవి.

పొద్దున్నే మైదా అడిగాడు. పిండి కలిపి, నానబెట్టి, లాగి లాగి ఒకటే పొడుగాటి నూడుల్ చేశాడు. పుట్టినరోజు అది తింటే దీర్ఘాయువు, పంటితో తెంపకూడదు. వీడియో తీసి అమ్మకు పంపమన్నాడు. తీశాను. గిన్నె ఎత్తి పట్టుకుని అమ్మా, నీ బదులు నేను తింటున్నాను, వందేళ్లు ఉండు అన్నాడు. తెంపకుండా మొత్తం లాగేశాడు. కళ్లలో నీళ్లొచ్చాయి. నాన్న పచ్చిమిర్చి ఎక్కువైందనుకుని మంచినీళ్లు తెచ్చాడు. వీడియో బాగా వచ్చింది.

అమ్మ చూడలేక వంటింట్లోకి పోయింది.

మే 11

వీడియో చూసి అమ్మ నవ్విందని షెన్ మెయ్ జవాబు పెట్టింది. షెన్ నాకు చూపించాడు. నేనూ నవ్వాను.

జూన్ 17

చైనా సరిహద్దులో గొడవ. టీవీ నిండా అరుపులు. అమ్మ గేటుకు తాళం వేసి, నేపాలీ, నేపాలీ అని ఇవాళ అడగనివాళ్లకు కూడా చెప్పింది.

జూన్ 18. పొద్దున 7

షెన్ తనంతట తాను కిందికొచ్చాడు. స్టూలు తెచ్చుకున్నాడు. నాన్న ముందు కూర్చుని తల చూపించాడు. జుట్టు మెడ దిగింది. ఇన్నాళ్లకు బుద్ధి పుట్టిందా అయ్యా అని నాన్న కత్తెర తీశాడు. షెన్ కళ్లు మూసుకున్నాడు.

జూన్ 18. సాయంత్రం

ఇవాళే ఎందుకు అని అడిగాను. అడగకపోతే ఎప్పటికీ చెప్పేవాడు కాదేమో.

వంద రోజులు అన్నాడు. తల్లి పోతే కొడుకు వంద రోజులు జుట్టు తీయకూడదు. ఇవాల్టితో అయిపోయాయి.

అతనికి మొదటి రోజే తెలుసు. మార్చి పదకొండునే. బంధువుల గ్రూపులో పిన్ని కొడుకు అమ్మ పేరు పక్కన కొవ్వొత్తి బొమ్మలు పెట్టి, నిమిషంలో తీసేశాడట. ఆ నిమిషం చాలింది. మరి ఎందుకు చెప్పలేదు అన్నాను. ఆసుపత్రికి మోసింది చెల్లెలు, బూడిద తెచ్చుకున్నది చెల్లెలు, నేనేమీ చేయలేదు అన్నాడు. అన్నను కాపాడుతున్నాను అనే ఒక్క ధైర్యంతో నిలబడి ఉంది, నాకు తెలుసని చెప్పి ఆ ధైర్యం తీసెయ్యనా అన్నాడు. ఇంటికి వెళ్లాక ఆమె చెప్తుందట, అప్పుడు మొదటిసారి విన్నట్టు వింటాడట. డాబా మీద రెండో గుండ్రం అమ్మదే. చెల్లెలికి చెప్పకు అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఏం మనుషులు వీళ్లు! మూడు నెలలు నేను నిద్ర మాత్రలు మింగాను. మా అమ్మ పొయ్యి దగ్గర ముక్కు చీదుకుంటూ వండింది. మా నాన్న గుండు కొట్టడానికి కత్తికి సాన పట్టాడు. కొట్టి ఉంటే ఏమయ్యేది? తల్లి దినాలు ఆ మనిషికి మా చేతులతో చెడగొట్టి ఉండేవాళ్లం. పుణ్యమనుకుని.

తిడదామని నోరు తెరిచాను. మెడ మీద కత్తెర గాటు కనిపించింది. సరే అన్నాను. నాకు ఆ ఒక్క మాటే వచ్చు.

నాన్నకు చెప్పాను. నేను పొద్దున జర మంచిగ కత్తిరించేదుంటి అన్నాడు.

జూన్ 27

షెన్ వెళ్లిపోయాడు. ఢిల్లీ, అక్కణ్ణుంచి వాళ్ల ఎంబసీ విమానం. అమ్మ సకినాలు కట్టిచ్చింది. గది ఊడ్చాను.

జూలై 19

షెన్ మెయ్ మెసేజ్. క్వారంటైన్ అయ్యి ఇల్లు చేరాడట. ఇవాళే చెప్పిందట. గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడట, ఆపడం ఎవరివల్లా కాలేదట. ఇన్నాళ్లు దాచినందుకు నీ మేలు మరచిపోను అంది.

నటించాడా, నిజంగానే ఏడ్చాడా? రెండూ అయి ఉంటాయి. సరే అని పెట్టాను.

జూలై 27

వీచాట్ ఆగిపోయింది. చైనా యాప్‌లు బ్యాన్.

ఏప్రిల్ 18, 2021

నాన్నకు పాజిటివ్. మూడు ఆసుపత్రులు తిరిగితే నాలుగో దాంట్లో బెడ్ దొరికింది. భివండీలో అన్నయ్య నిన్నటి నుంచి ఆక్సిజన్ మీద ఉన్నాడు.

ఏప్రిల్ 22

మధ్యాహ్నం రెండింటికి నాన్న పోయాడు. ముఖం చూపించలేదు. ప్లాస్టిక్ మూటకు అతికించిన కాగితం మీద పేరు రాసి ఉంది, సోమలింగం, ఇంగ్లీషులో, ఒక అక్షరం తప్పు. ఆ తప్పు దిద్దమని కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకున్నాను. దిద్దారు.

వదిన ఫోన్ చేసి ఏడ్చింది. ఆయనకు ఆక్సిజన్ ఎనభై నాలుగుంది, ఇప్పుడు గీ మాట వింటే మనిషి దక్కడు, నీ కాళ్లు మొక్కుతా చెప్పకు నీరజా అంది.

సరే అన్నాను.

అమ్మ ఈసారి కొడుకు తానం చెయ్యొద్దా అనలేదు.

ఏప్రిల్ 23

అన్నయ్య ఫోన్. మాస్క్ పక్కకు తీసి మాట్లాడుతున్నట్టున్నాడు. నాన్నను ఇంటికి తెచ్చేశాం, బాగున్నాడు, ఇదిగో నా పక్కనే కూర్చుని చాయ్ తాగుతున్నాడు అన్నాను.

మంచిది అన్నాడు. అమ్మను జర చూసుకో అన్నాడు.

నాన్నకు ఫోన్ ఇవ్వమనలేదు.