ఏసీ రూముల నా కార్డ్

శంషాబాద్, ఆదివారం రాత్రి

మా చిన్నాయన కొడుకు శ్రీకాంత్‌గాడు, నేను ఒకే షాపుల మా కంప్యూటర్లకు ఒకే రకం గ్రాఫిక్స్ కార్డులు కొన్నం. స్పీడ్ జర జర పెంచుకుంట, పెంచినప్పుడల్లా గేమ్ ఆడి వేడి చూసుకోవాలని వానికి నేర్పిందే నేను. అయినా వాని కార్డే ఎక్కువ ఉరుకుతున్నది. నాది అంత పెంచితే స్క్రీన్ నల్లగైతున్నది. వానికే మంచి కార్డ్ తగిలిందని ఒకటే కుళ్లు నాకు.

పొద్దున వాడే అన్నడు, "అన్నా, మార్చుకుందాం తియ్." మార్చుకున్నం. వాని కార్డ్ గూడ ఈ రేకుల రూముల ఉడికిపోయి, నాది ఆగినకాడనే ఆగింది.

ఇందాక రాజేంద్రనగర్‌ల వాళ్లింటి నుంచి ఫోన్ చేసిండు. "అన్నా, ఏసీల నీ కార్డ్ మస్తు నడుస్తున్నదే!"

ఇన్ని దినాలు వాన్ని చూసి కుళ్లుకున్న. ఇగ నా కార్డును తలుచుకున్నా కడుపు మండుతున్నది.