మీసం మీద కేసు

మార్చి 9, ఆదివారం

మధ్యాహ్నం మూడూ ఇరవైకి మా తమ్ముణ్ణి తాగి కారు నడిపాడని పట్టుకున్నారు. మెషీన్ 92 చూపించింది. పరిమితి 30.

వాడు వారమంతా స్కూలు వ్యాన్ నడుపుతాడు, ఆదివారాలు నాటకం వేస్తాడు. ఇప్పటిది తాగుబోతు మామగారి వేషం. మొదటి షో అయ్యాక, ఇంట్లో మరిచిపోయిన కోటు కోసం మేకప్ తియ్యకుండానే కారులో వెళ్ళాడు. తిరిగొస్తుంటే బ్రిడ్జి కింద చెకింగ్.

నేను తాగలేదక్కా, తాగినవాడి వేషం వేశానంతే అంటాడు. ఎస్.ఐ. ఇదే మాటకి పడీపడీ నవ్వాడట. నాకు నవ్వు రాలేదు. ఇరవై ఏళ్ళుగా కోర్టు వార్తలు రాస్తున్నాను. ఒక్క చుక్క ముట్టలేదన్నవాళ్ళందరినీ నమ్మి ఉంటే వాటిలో సగం రాసేదాన్ని కాదు.

మార్చి 10

ఇంకో సంగతి బయటపడింది. ఇది మొదటిదానికన్నా ఘోరం.

హాస్పిటల్లో రక్తపరీక్ష చేయించుకుంటావా అని ఎస్.ఐ. అడిగాడట. గంట పడుతుందన్నాడట. వీడు వద్దన్నాడు. ఎందుకురా అంటే, నాలుగింటికి రెండో షో, బెల్లు కొట్టేస్తారు కదక్కా అన్నాడు. చూపించిన చోటల్లా సంతకం పెట్టి, కారు వాళ్ళకి వదిలేసి, ఎవరి స్కూటరో ఎక్కి మీసంతో సహా స్టేజి మీదికి పోయాడు. చప్పట్లు బాగా పడ్డాయట.

మా మరదలు ఫోన్ చేసింది. వదినా, మీ తమ్ముడికి ఇవాళ అన్నం వండనా, చప్పట్లు సరిపోతాయా అని అడిగింది.

మార్చి 11

వార్త ఆపమంటావా అని ఎడిటర్ అడిగారు. ఆపొద్దన్నాను. వేరేవాడి తమ్ముడైతే వేసేవాళ్ళమే.

ఐదో పేజీ, నాలుగు వాక్యాలు. రాసింది డెస్క్. 'స్టేజి మీదా తూలాడు, రోడ్డు మీదా తూలాడు' అని హెడ్డింగ్. హెడ్డింగ్ బాగానే కుదిరింది. అదే బాధ.

మార్చి 13

స్కూలు మేనేజరు వ్యాన్ తాళాలు తీసేసుకున్నారు. కేసు కొట్టేస్తే తిరిగిస్తాం, శిక్ష పడితే మాత్రం ఇటు రావద్దు అన్నారు. తప్పుపట్టలేను. ఎక్కేది పిల్లలు.

మా మేనకోడలిదీ ఆ స్కూలే, ఆ వ్యానే. సాయంత్రం నడిచి వచ్చింది. వ్యాన్లో పిల్లలు నాన్నలా తూలి చూపిస్తున్నారట. వాళ్ళకి తూలడం కూడా రాదత్తా, నాన్నయితే మోకాళ్ళ దగ్గర మొదలుపెడతాడు అంది. ఏడుస్తూనే అంది.

మార్చి 18

లాయర్ దగ్గరికి తీసుకెళ్ళాను. కోర్టులో అందరూ ప్లీడరమ్మ అంటారు. నా పాత స్నేహితురాలు.

ఫైలు చూసి, ఒప్పేసుకో బాబూ, జరిమానా కట్టు, లైసెన్స్ ఆర్నెల్లు పోతుంది, గొడవ వదులుతుంది అంది. లైసెన్స్ ఆర్నెల్లకి వస్తుంది మేడమ్, వ్యాన్ ఎప్పటికీ రాదు అన్నాడు తమ్ముడు. అయితే ఆ ముందు గంటలో నోట్లో ఏం పెట్టుకున్నావో చెప్పు అంది. దగ్గుమందా? లేదు. మౌత్‌వాషా? లేదు. మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు. నాలుగుసార్లు అడిగింది, నాలుగుసార్లూ లేదన్నాడు.

వాడు కిందికి వెళ్ళాక, నువ్వు నమ్ముతున్నావా అని నన్నడిగింది. ఇంకా తెలీదన్నాను.

మార్చి 23, ఆదివారం

దొరికింది.

ఇవాళ మొదటి షోకి ముందు మేకప్ రూములో ఒక మూల స్టూలు మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళలో వాడి నాటకాలన్నీ చూశాను గానీ వాడు మీసం పెట్టుకోవడం ఎప్పుడూ చూడలేదు.

మీసం అంటించే జిగురు స్పిరిట్ గమ్. పేరులోనే ఉంది. ఆరిపోయిన జిగురుని ముందు స్పిరిట్‌తో, అంటే ఆల్కహాల్‌తో, మెత్తబరచాలి. వాడు కుంచె స్పిరిట్‌లో ముంచి పై పెదవి మీద రాశాడు, మళ్ళీ ముంచి మీసం వెనక రాశాడు. అప్పుడు మీసాన్ని రెండు చేతులతో, రెండు కొసల దగ్గరా నొక్కిపట్టాలి. మరి కుంచె? పళ్ళ మధ్య అడ్డంగా పెట్టుకున్నాడు. తడి కొస పెదవి మూలకి ఆనుకుని ఉంది. కుంచె పళ్ళతో పట్టుకునే పక్కవాడితో మాట్లాడుతున్నాడు కూడా. పక్కవాడి నోట్లోనూ కుంచె ఉంది. ఆ రూములో మీసం ఉన్న ప్రతివాడి నోట్లోనూ కుంచె ఉంది.

ఆ రోజు కారులో మీసం ముట్టుకున్నావా అని అడిగాను. ముట్టుకోక, చెకింగ్ లైన్లో ఆగి ఉంటే చెమటకి ఒకవైపు లేచింది, సీసా, కుంచె జేబులోనే ఉంటాయిగా, అద్దంలో చూసి అంటించుకున్నాను అన్నాడు. ఇది ప్లీడరమ్మకి ఎందుకు చెప్పలేదురా అన్నాను. నోట్లో ఏం పెట్టుకున్నావని కదక్కా అడిగింది, మీసం నోట్లో పెట్టుకోం కదా అన్నాడు. కుంచె ఇంకా పళ్ళ మధ్యే ఉంది.

కొట్టాలనిపించింది. జిగురు ఆరలేదని కొట్టలేదు.

మార్చి 24

నమ్ముతున్నాను.

ఏప్రిల్ 17, గురువారం

కోర్టు. నేను బెంచీ మీద, చేతిలో పెన్ను లేకుండా. ఈ కేసు రాసేది నేను కాదు.

మెషీన్ ఊదించే ముందు పావుగంట ఆగి, నోరు కడిగించాలని మీ రూల్సులోనే ఉంది, ఆగారా అని ప్లీడరమ్మ ఎస్.ఐ.ని అడిగింది. వెనక కార్లు హారన్లు మోగించేస్తున్నాయండి అన్నాడు. మర్యాదస్తుడే, అబద్ధమాడలేదు.

అప్పుడు ప్లీడరమ్మ సంచిలోంచి సీసా, కుంచె, అద్దం, మీసం తీసి బల్ల మీద పెట్టింది. ఇది కోర్టా, డ్రామా కంపెనీయా అని ప్రభుత్వ వకీలు లేచాడు. మేజిస్ట్రేటు, మీరు కూర్చుంటే తేలుతుంది అన్నారు.

ముద్దాయి ఊదితే లాభం లేదు, తాగొచ్చాడంటారు. ఎస్.ఐ.నే, ఆయన తెచ్చిన మెషీన్‌లోనే ఊదమంది. తాగే అలవాటుందా అని మేజిస్ట్రేటు అడిగితే, ఇంట్లో తెలిస్తే చంపేస్తారండి అన్నాడు. ఊదాడు. సున్నా.

ఎస్.ఐ.ది నున్నటి మొహం, మీసం లేదు. తమ్ముడు దూరంగా నిలబడి చెప్పాడు, ఆయన చేశాడు. కుంచె ముంచారు. రాశారు. ఇప్పుడు రెండు చేతులతో నొక్కండి సార్ అన్నాడు. ఎస్.ఐ. చేతిలో కుంచెతో అటూ ఇటూ చూశాడు. పెట్టడానికి చోటు లేదు. ఎవరూ చెప్పకుండానే పళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

ప్లీడరమ్మ నా వైపు తిరగలేదు. తిరిగితే ఇద్దరం నవ్వేవాళ్ళం.

ఊదాడు. 104.

హాలంతా గొల్లుమంది. మేజిస్ట్రేటు బల్ల కొట్టి నిశ్శబ్దం అన్నారు, రెండో చెయ్యి తన నోటికే అడ్డం పెట్టుకుని. ఎస్.ఐ. గారూ, ఇవాళ బండి మీరే నడుపుకుంటూ వచ్చారా, తాళాలు ఇక్కడ పెట్టి వెళ్ళండి అన్నారు.

నోరు కడిగించి పావుగంట కూర్చోబెట్టారు. వంకర మీసంతో కూర్చున్నాడు పాపం. మళ్ళీ ఊదితే సున్నా.

ఏప్రిల్ 24

కేసు కొట్టేశారు. పదకొండూ నలభైకి.

మరదలు కోర్టు మెట్ల మీదే వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. రక్తం ఇచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేదా, నీకూ నీ బెల్లుకూ ఒక దండం అంది. ఆ తర్వాత చెయ్యి వదల్లేదు. మేనకోడలు ఇంటిదాకా అందరి ముందూ తూలుతూ నడిచింది. మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టి. సరిగ్గా వచ్చింది.

వార్త ఐదో పేజీలోనే, అదే చోట, నాలుగు వాక్యాలే. అంతే ఉండాలని నేనే అడిగాను. హెడ్డింగ్ మాత్రం 'ఎస్.ఐ.కి 104'.

ఏప్రిల్ 27, ఆదివారం

వేసవి క్లాసులకి రేపు ఉదయం ఏడుంపావుకి స్కూలు వ్యాన్. తమ్ముడే నడుపుతాడు.

బుధవారం పదింటికి ట్రాఫిక్ పోలీసుల ట్రైనింగ్ హాల్లో, ఊదించే ముందు పావుగంట ఎందుకు ఆగాలో చూపించడానికి వాడి క్లాసు. ముప్పై మీసాలు ఆర్డరిచ్చారు.